గోడలకు చెవులున్న దేశంలో వారం రోజులు

వయసు మళ్లినవాళ్లకు, ఒంటరి ప్రయాణమంటే గుండెదడ ఉన్నవాళ్లకు నాదొక సలహా. వెళితే నియంత ఏలే దేశానికే వెళ్లండి. స్వేచ్ఛ ఉన్న దేశాల్లో ముసలివాళ్లను పట్టించుకునే నాథుడే ఉండడు!

మన వీధిలో నేను గడప దాటితే ఎక్కడికని అడిగే దిక్కు లేదు. అక్కడ విమానం దిగీ దిగకముందే నలుగురు అడిగారు. ఎందుకొచ్చారు, ఎవరి కోసం వచ్చారు, ఎప్పుడు పోతారు, సంచిలో ఏముంది? ఇంటికొచ్చిన ఇరవై ఏళ్లలో నా కోడలు నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

నేను బడి మెట్లు ఎక్కలేదు. పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని కాబట్టి సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. అధికారి దాన్ని తీసుకుని రెండు రోజులు చదివి, చివరి అధ్యాయం చింపి తిరిగిచ్చాడు. "ముగింపు బాలేదు మామ్మగారూ. అసలే మీకు బీపీ" అన్నాడు. నా బీపీ సంగతి ఆయనకెలా తెలుసంటారా? నేను చెబుతున్న సౌకర్యం అదే కదా!

హోటల్ గదిలో ఒంటరిగా కూర్చుని, టీలో చక్కెర తక్కువైందని గొణుక్కున్నాను. రెండు నిమిషాల్లో చక్కెర గిన్నెతో ఒకతను తలుపు తట్టాడు. ఇంట్లో అదే మాట మావాడికి ఎదురుగా నిలబడి మూడుసార్లు చెప్పినా, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "ఆఁ" అంటాడు.

ఇక నా బూడిద కోటు. ఆ రంగు కోటు వేసుకున్న నలభై ఏళ్ల మనిషి, వారం రోజులూ నాకు ఇరవై అడుగుల వెనక నడిచాడు. నేను ఆగితే ఆగేవాడు, కూర్చుంటే కూర్చునేవాడు. మా ఆయన కాపురం చేసినన్నాళ్లూ ఇరవై అడుగులు ముందు నడిచిన మనిషి. నా మోకాళ్ల నొప్పికి తగ్గట్టు అడుగు వేసిన మగవాణ్ణి డెబ్బయ్యో ఏట చూశాను.

మూడోరోజు సంతలో వెనక్కి తిరిగి చూస్తే అతను లేడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మనుషులు చూస్తూ చూస్తూ కనుమరుగు కావడం నా బతుకులో కొత్త కాదు. అయినా అలవాటు కాలేదు. నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లాను.

"నన్ను వెంబడించే ఆయన తప్పిపోయాడు" అన్నాను.

రాస్తున్న ఆయన కలం ఆగింది. "మిమ్మల్ని ఎవరూ వెంబడించడం లేదు మామ్మగారూ."

"నా ఫిర్యాదు కూడా అదే నాయనా. రాసుకో. కుడికాలి బూటు కిర్రుమంటుంది. పొద్దుటి నుంచి పాపం ఏమీ తినలేదు."

అంతలో బూడిద కోటు రొప్పుతూ లోపలికొచ్చాడు. "మీకు దణ్ణం పెడతాను, అది మాత్రం రాయించకండి. నా ఉద్యోగం పోతుంది" అన్నాడు చెవిలో. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ నేనే ఆగి, అతను వచ్చాక కదిలాను.

అసలు నేను వెళ్లింది మా అక్క కోసం. ముప్పై ఒక్క ఏళ్ల కిందట బావ ఉద్యోగమని ఆ దేశం వెళ్లింది. తర్వాత ఆ దేశం తలుపులు మూసుకుంది. బావ పోయాడు. అక్క ఉత్తరాల్లో అన్ని వాక్యాల మీదా నల్ల సిరా పూసి, "ఇక్కడ ఎండ బాగుంది" అన్నదొక్కటే వదిలేవారు. ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లను, తోబుట్టువు వచ్చి సంతకం పెడితే, పంపిస్తున్నారట. ఆ ఫారం పట్టుకుని వెళ్లాను.

అక్క వంటింట్లో మాకు ఒక గంట ఇచ్చారు. గుమ్మం బయట స్టూలు మీద బూడిద కోటు.

"నాతో వచ్చేస్తావా అక్కా?" అని ఫారం ముందు పెట్టాను.

"ఎండ బాగుందే" అంది అక్క గట్టిగా. లేచి కొళాయి పూర్తిగా తిప్పింది. స్టీలు బేసిన్‌లో నీళ్లు దబదబా పడుతుంటే నా చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు మాట్లాడింది.

ఎడమ చెవి దగ్గర. అది పోయి పన్నెండేళ్లయింది. అక్క వెళ్లేనాటికి నాకు రెండు చెవులూ వినిపించేవి.

వెచ్చటి ఊపిరి తగిలింది, అంతే. చెవిటివాళ్ల అలవాటు కొద్దీ తల ఊపాను.

"సరేనా?" అంది కొళాయి కట్టేసి.

"సరే" అన్నాను.

తడి చేత్తో నా చెంప నిమిరింది. బయటి నుంచి తలుపు చప్పుడైంది. గంట అయిపోయింది.

విమానం ఊరికి రైలెక్కడానికి వెళ్తే, అక్క ఊరి రైల్వే స్టేషన్‌లో "వీడ్కోలు నవ్వుతూ చెప్పవలెను" అని బోర్డు. ఇద్దరం పళ్లన్నీ కనబడేలా నవ్వాం. తను వెనకే వస్తుందని నవ్వుతున్నానో, ఇక ఎప్పటికీ రాదని నవ్వుతున్నానో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. ఎండ బాగుందట.

అందుకని ఆ ప్రభుత్వానికే అర్జీ పెట్టుకున్నాను. "అయ్యా, గొణిగిన చక్కెర మాటే విన్నవారు మీరు. ఫలానా రోజు సాయంత్రం మా అక్క కొళాయి దగ్గర చెప్పింది కూడా వినే ఉంటారు. దాని నకలు ఇప్పించండి. అంతా అక్కర్లేదు. వస్తానందో రానందో చాలు."

జవాబు మూడు ముద్రలతో వచ్చింది. "మా దేశంలో పౌరుల మాటలు ఎవరూ వినరు."

ఫారం నా సంచిలోనే ఉంది. నా సంతకం పెట్టి ఉంది, అక్క గడి ఖాళీ. ఆ ప్రభుత్వాన్ని అబద్ధాలకోరని తిట్టడానికి కూడా నాకు నోరు రావడం లేదు. మా అక్క మాట నిజంగానే ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.