మేజోళ్లు తొడుక్కున్న టమాటా

ఆ రోజు క్లాజుగారి కార్యక్రమం చాలా తేలిక. పదింటికి ఆఫీసుకు వెళ్లాలి. పదకొండింటికి పెద్దమేడమ్‌తో కలిసి ప్రయోగ క్షేత్రం చుట్టూ ఓ చుట్టు తిరగాలి. "పరిసరాల్లో అభ్యంతరకరమైనదేమీ లేదు" అని రాసివ్వాలి. ఆవిడ సంతకం పెట్టేస్తే మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, భోంచేసి, కాసేపు కునుకు తీయాలి. ఇందులో కునుకు సంగతే కాస్త అనుమానంగా ఉందనీ, మిగతావన్నీ ఖాయమనీ ఆయన అనుకున్నారు.

క్లాజుగారన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. జన్యుమార్పిడి పంటల నియంత్రణ మండలిలో ఆయన తనిఖీ అధికారి. ఎవరేం చెప్పినా "ఏ క్లాజు ప్రకారం?" అని అడగడం అలవాటు. పెళ్లిచూపుల్లో కూడా అలాగే అడిగారని గిట్టనివాళ్లు అంటారు. ఆయన భార్య మాత్రం అది నిజమేనంటుంది.

ఇంతకీ ఆయన చూడబోయే పని ఏమిటంటే, ఒక కంపెనీ కొత్తరకం టమాటాను తయారుచేసింది. నెల్లాళ్లు బుట్టలో పడేసినా మెత్తబడని గుణాన్ని ప్రయోగశాలలో దానికి ఎక్కించారు. అలాంటి మొక్కను ఆరుబయట నాటాలంటే మండలి ఒప్పుకోవాలి. మండలి ఒప్పుకోవాలంటే, ఆ చేనుకు వంద మీటర్ల లోపల మామూలు టమాటా మొక్క ఏదీ పూతమీద ఉండకూడదు. ఉంటే తేనెటీగలు ఇక్కడి పుప్పొడి అక్కడికి మోసుకుపోయి కొంప ముంచుతాయి. ఒకవేళ ఉంటే పీకెయ్యాలి. ఇది ఏడో క్లాజు. క్లాజుగారికి నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేటంత కంఠతా వచ్చు.

ఆ చేను ఆయన ఉంటున్న అపార్టుమెంటు ప్రహరీగోడకు అవతలే ఉంది.

ఆయన గడ్డం గీసుకుంటూ ఉండగా మేడమీద నుంచి మామగారి కేక వినిపించింది.

"అల్లుడుగారూ! ఓసారి పైకి రండి! పూసిందండీ, పూసింది!"

మామగారు తపాలా శాఖలో ఊళ్లోవాళ్ల ఉత్తరాలమీద ముద్రలు కొట్టీ కొట్టీ రిటైరైన మనిషి. కూతురి దగ్గరికొచ్చాక మొక్కల పిచ్చి పట్టింది. కానీ ఆయన చెయ్యి పడితే గడ్డి కూడా బతికేది కాదు. గులాబీ పోయింది, మల్లె పోయింది, ఎవరో "దీన్ని చంపడం ఎవరి తరమూ కాదు" అని ఇచ్చిన కలబంద పది రోజుల్లో చేతులెత్తేసింది. ఇంటిల్లిపాదీ నవ్వితే ఆయనా నవ్వేవారు గానీ, ఆ పూట అన్నం సగమే తినేవారు. అందుకే ఈసారి ఎవరికీ చెప్పకుండా నీళ్లట్యాంకు వెనకాల ఓ పగిలిన బకెట్లో టమాటా పెంచారు. నిక్షేపంలాంటి మొక్క. దానికి నాలుగు పసుపు పూలగుత్తులు.

నురగ మొహంతో పైకెక్కిన క్లాజుగారు పూలను చూసి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తారు. గోడ అవతల కంపెనీవాళ్లు దున్నించిన నేల కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. వంద మీటర్లేం ఖర్మ, గట్టిగా తుమ్మితే అక్కడ పడుతుంది.

"డెబ్బైనాలుగేళ్లొచ్చాయి నాయనా. నా చేత్తో పెట్టిన మొక్క పూయడం ఇదే మొదటిసారి," అన్నారు మామగారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

ఏడో క్లాజు క్లాజుగారి నాలుక చివరిదాకా వచ్చింది. పీకమని చెప్పడానికి నోరు తెరిచి, "చలిగాలి వీస్తోంది మావయ్యగారూ. పూలకి జలుబు చేస్తుందేమో, మధ్యాహ్నం దాకా ఏదైనా కప్పి ఉంచితే..." అన్నారు. ఆయన సర్వీసులో అంతటి అబద్ధం అంత వేగంగా ఎప్పుడూ ఆడలేదు. సంచి తొడిగి కట్టేసిన పువ్వు పూసిన పువ్వు లెక్కలోకి రాదన్న మాట నిబంధనల్లో ఎక్కడో చదివినట్టు గుర్తు. దానికి కట్టే కాగితం సంచులు ఆఫీసు స్టోర్లోనే ఉన్నాయి గానీ, అక్కణ్ణించి ఒక్క సంచి బయటికి రావాలంటే ఈ సీజను కాస్తా వెళ్లిపోతుంది.

"జలుబా! ముందే చెప్పకపోయారా!" అంటూ మామగారు కిందికి పరుగెత్తి, మనవరాలి పసితనపు బట్టలు దాచిన పెట్టె తెరిచి, రెండు జతల చిట్టి మేజోళ్లు పట్టుకొచ్చారు. గులాబీ రంగువి, కుందేలు బొమ్మలున్నవి. నాలుగు గుత్తులకు నాలుగూ తొడిగి, జారిపోకుండా దారం కట్టారు. మొక్క ముచ్చటగా ఉంది. క్లాజుగారు ఆఫీసుకు బయల్దేరారు.

ఎదురింటి పిన్నిగారికి చూపు చాలా బాగుంటుంది. కిటికీ తెరవగానే నీళ్లట్యాంకు పక్కన చిట్టి మేజోళ్లు గాలికి ఊగుతూ కనిపించాయి. బకెట్టూ మొక్కా పిట్టగోడ చాటున ఉండిపోయాయి. ఆ ఇంట్లో పసిపిల్లలు లేరు. కూతురు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. మరి మేజోళ్లెందుకు ఉతికి ఆరేశారు? పిన్నిగారు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత ఆ వేలితోనే ఫోను నొక్కారు.

పావుగంటలో క్లాజుగారికి భార్య ఫోను చేసింది. ఆవిడ పళ్ల డాక్టరు.

"ఏవండీ, నాకు నెల తప్పిందని ఎవరికి చెప్పారు?"

"నేనా? ఎవరికీ చెప్పలేదే! అయినా... తప్పిందా?"

"నలభై ఆరేళ్లొచ్చాయి నాకు! నోట్లో డ్రిల్లు పెట్టాక కూడా పేషెంటు అభినందనలు చెబుతోంది. మందుల షాపతను మందులు పంపి డబ్బులొద్దన్నాడు. ఏమిటండీ ఇదంతా? మేడమీద మేజోళ్లేమిటి?"

మేజోళ్ల పేరు వినగానే క్లాజుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. కాదని చెప్పాలంటే మేజోళ్ల సంగతి చెప్పాలి. మేజోళ్ల సంగతి చెబితే మొక్క బయటపడుతుంది. "సాయంత్రం దాకా కాస్త ఓపిక పట్టు. ఎవరైనా అడిగితే అవుననకు, కాదనకు," అన్నారు.

"అవుననకుండా కాదనకుండా ఎలా ఉంటుందండీ కడుపు?" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

వెంటనే హాస్టల్ నుంచి కూతురు. "నాన్నా, వచ్చేవారం నాకు పరీక్షలని తెలుసుగా మీకు? ఇప్పుడేనా?" అని ఏడుపు గొంతుతో అరిచి, ఆఖర్న మాత్రం "తమ్ముడైతే నా గది ఇవ్వను," అని ఖరాఖండీగా చెప్పేసింది.

పిన్నిగారు మంచి మనిషి, అదే వచ్చిన చిక్కు. ఊరుకోలేక ఆఫీసుకు కూడా ఫోను చేసి, "ఆయన్ని ఈ టైములో ఎండల్లో తిప్పకండమ్మా, ఇంటిపట్టున ఉండనివ్వండి," అని బతిమాలారు. ఆ ఫోను ఎత్తినది పెద్దమేడమే. ఆవిణ్ణి అందరూ ఎర్రసిరా అంటారు. ఆవిడ బల్లమీదికి తెల్లగా వెళ్లిన ఫైలు తెల్లగా తిరిగొచ్చిన దాఖలా లేదు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో ఇద్దరే, వాళ్లు కూడా సరిగ్గా గుర్తులేదంటారు.

అలాంటి ఎర్రసిరా మేడమ్ క్లాజుగారిని గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆయన పన్నెండేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"చెప్పలేదేమండీ? సిగ్గుపడ్డారా?" అన్నారావిడ మెత్తగా. "మావాడు పుట్టేసరికి నాకు నలభై నాలుగు. ఎంతమంది నవ్వారో! పలకరించినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. చేను చూడ్డం అయ్యాక మీ ఇంటికొస్తాను. పక్కనేగా. మీ ఆవిడతో నేను మాట్లాడాలి."

క్లాజుగారు "అలాగే మేడమ్" అని లేచారు. ఎదురుగా ఉన్న ముఖంలో అంత ఆపేక్ష చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది. ఇంత పెద్దావిణ్ణి మోసం చేస్తున్నానే అని లోలోపల కుమిలిపోయారు.

చేను దగ్గర కంపెనీ శాస్త్రవేత్త కాచుకుని ఉన్నాడు. ఈ వారంలో నారు నాటకపోతే ఏడాది దండగని అతని బాధ. సంతకం కోసం కలం కూడా తనే తెచ్చాడు. విషయం తెలియగానే ఎక్కణ్ణించో ఓ పూలగుత్తి తెప్పించి, "నేనూ వస్తాను సార్, శుభాకాంక్షలు చెప్పొద్దూ!" అన్నాడు. సంతకం ఇంకా పడలేదు కాబట్టి మేడమ్‌ను అతను ఒక్క అడుగు కూడా వదలడం లేదు.

అలా ముగ్గురూ ఇంటికొచ్చేసరికి పిన్నిగారు అప్పటికే సోఫాలో ఉన్నారు. క్లినిక్ మూసేసి, మొగుడి పని పడదామని వచ్చిన డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎర్రసిరా మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఏం తినాలో, ఏ పక్కకు తిరిగి పడుకోవాలో, ఎవరి మాటలు చెవిన వేసుకోకూడదో చెప్పుకుపోతున్నారు. డాక్టరమ్మ నోరు తెరిచినప్పుడల్లా క్లాజుగారు మేడమ్ వెనకాల నిలబడి దణ్ణాలు పెడుతున్నారు. పూలగుత్తి పట్టుకున్న శాస్త్రవేత్త ఆ దణ్ణాలు తనకేననుకుని తిరిగి దణ్ణం పెట్టాడు.

సరిగ్గా అప్పుడే మామగారు మేడమెట్లు దిగొచ్చారు. ఇంతమంది పెద్దలు, పూలగుత్తి, అభినందనలు. ఆయనకు మరో ఆలోచన రాలేదు.

"మీదాకా వచ్చిందా కబురు!" అన్నారు పొంగిపోతూ. "కింద కూర్చున్నారేం? పైకి రండి, చూద్దురుగాని!"

"పైనేముంది తాతగారూ?" అన్నారు మేడమ్ అయోమయంగా.

"వద్దు మావయ్యగారూ!" అన్నారు క్లాజుగారు. ఆ కేకతో అందరికీ పైకెళ్లి తీరాలనిపించింది.

నీళ్లట్యాంకు వెనకాల మామగారు దారం విప్పి, ఒక్కొక్క మేజోడూ సుతారంగా లాగారు. పసుపు పూలు బయటపడ్డాయి. పిన్నిగారు "అయ్యో, ఇదా!" అన్నారు. శాస్త్రవేత్త గోడ అవతలి చేను చూశాడు, పువ్వు చూశాడు, మళ్లీ చేను చూశాడు. చేతిలో పూలగుత్తి జారి కిందపడింది. డాక్టరమ్మ మాత్రం "చూశారుగా మేడమ్, నాకేం లేదు. ఉన్నవల్లా ఈయన తెచ్చిపెట్టే తలనొప్పులే," అంది.

ఎర్రసిరా మేడమ్ మొహం మళ్లీ ఆఫీసు మొహమైపోయింది. "ఇది మీకు పొద్దుటినుంచీ తెలుసా?"

"తెలుసు మేడమ్," అన్నారు క్లాజుగారు. దొరికిపోయాక ఆయనకు కాస్త హాయిగానే అనిపించింది. "ఏడో క్లాజు ప్రకారం పీకెయ్యాలి. పీకలేకపోయాను. తప్పు నాది, మొక్కది కాదు."

పీకడం అన్న మాట విని మామగారు అందరి మొహాలూ చూశారు. మెల్లిగా బకెట్టు ముందుకొచ్చి నిలబడ్డారు. "నా చేతిలో ఏదీ బతకలేదమ్మా. ఇదొక్కటి బతికింది. మీరు చదువుకున్నవాళ్లు, పెద్ద పెద్ద రూల్సు మీకు ఉంటాయి. కావాలంటే చేతులు జోడిస్తాను. దీన్ని మాత్రం వదిలెయ్యండి."  డాక్టరమ్మ వెళ్లి తండ్రి పక్కన నిలబడింది. ఆవిడకు అప్పుడు మొగుడిమీద కోపం లేదు.

మేడమ్ వంగి పూలగుత్తులను ఒక్కొక్కటే చూశారు. తర్వాత శాస్త్రవేత్త వైపు తిరిగారు. "నాట్లు పడ్డాయా?"

"లేదు మేడమ్, మీ సంతకం కోసమే..."

"అంటే అనుమతి ఇంకా లేదు." క్లాజుగారి వైపు చూశారు. "ఏడో క్లాజు బాగానే చదివారు. దాని కింద చిన్నక్షరాల్లో ఉన్నది చదివారా? అనుమతి వచ్చాక మొలిచిన మొక్కను పీకొచ్చు. అనుమతికి ముందే పూతకొచ్చిన పంట జోలికి మనం పోకూడదు. పొరుగు రైతు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఇక్కడ ప్రయోగమే జరగదు. ఇన్నాళ్లూ ఖాళీ జాగాల్లోనే తిరిగారు, పొరుగు రైతు అన్నవాడు మీకెప్పుడూ తగల్లేదు కాబోలు." ఆవిడ కళ్లజోడు సర్దుకుని మామగారిని చూశారు. "రైతుగారూ, మీకు సమ్మతమేనా?"

మామగారు వెనక్కి తిరిగి చూశారు. వెనక నీళ్లట్యాంకు తప్ప ఎవరూ లేరు.

"మిమ్మల్నేనండీ, రైతుగారూ."

ఆయన నిటారుగా నిలబడ్డారు. ముద్రలు కొట్టిన చేతిని పంచెకు తుడుచుకున్నారు. శాస్త్రవేత్త తన కలం ఇవ్వబోతే వద్దన్నారు. "ఊరికే సంతకం పెట్టమంటే ఎలా బాబూ? పంట అన్నాక ముందూ వెనకా చూసుకోవాలి గదా. ఆలోచించుకుని చెబుతాను."

ఆయన ఎంతకూ ఆలోచించుకోవడం పూర్తికాలేదు. కంపెనీ విసిగి, ఆ వారంలోనే వేరే చోట చేను చూసుకుని వెళ్లిపోయింది. మండలి నుంచి రెండు కాగితాలొచ్చాయి. క్లాజుగారికి వచ్చినదానిలో, పూలకు కట్టదగిన వస్తువుల పట్టికలో మేజోళ్లు లేవని ఎర్రసిరాతో ఉంది. మామగారికి వచ్చినదానిమీద పేరు పక్కన "రైతు" అని ఉంది. ఆయన దాన్ని చట్రం కట్టించి హాల్లో తగిలించారు. పిన్నిగారు వచ్చినప్పుడల్లా ఆవిడచేత గట్టిగా చదివించుకుంటారు.

ఆ కాగితం వచ్చిన మర్నాడే పూలు రాలిపోయాయి. ఆ తర్వాత మొక్కా వాడిపోయింది. సంతోషం పట్టలేక మామగారు దానికి రోజూ మూడు పూటలా నీళ్లు పోశారట. ఇంట్లోవాళ్లు ఓదార్చబోతే, "వ్యవసాయమన్నాక నష్టాలుండవా!" అని ఆయనే వాళ్లను ఓదార్చి, కడుపునిండా అన్నం తిని, బెండ విత్తనాలు కొనడానికి బయల్దేరారు.

పంట పోయి పొరుగు రైతు లేకుండా పోతే ఆ సంగతి వెంటనే మండలికి తెలియజేయాలన్న క్లాజు ఒకటి ఉంది. క్లాజుగారు ఇంకా దాన్ని వెతుకుతూనే ఉన్నారు.