పాలు విరగని కప్పు

బౌరంపేట్‌లోని సిట్రస్ హైట్స్ వ్యాలీ నివాసితులకు తెలియజేయడమైనది ఏమనగా, ఈ ఏడాది చలికాలం డిసెంబరు రెండో ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు క్లబ్‌హౌస్‌లో ప్రారంభమగును. ఆ సందర్భంగా నారింజ పరిమళంతో ఇంట్లో చేసిన వేడి చాక్లెట్ పోటీ జరుగును. అంతకుముందే ఎవరికైనా చలి వేస్తే అది వారి సొంత విషయం. అసోసియేషన్‌కు సంబంధం లేదు.

సర్క్యులర్ నంబరు నలభై ఏడులోని ఈ ముక్కలు చదివి అరవై నాలుగో విల్లా మనోరమ పెద్దగా చలించలేదు. ఆమె గుండె ఆగినంత పనైంది చివరి వాక్యం దగ్గర. 'విజేతకు కార్యవర్గంలో ఖాళీగా ఉన్న సాంస్కృతిక సభ్యత్వం ఇవ్వబడును.'

ఆ కుర్చీ ఆమెకు కావాలి. ఒక చెట్టు ప్రాణం ఆ కుర్చీ మీద ఆధారపడి ఉంది.

చెట్టు సంగతి చెప్పాలంటే ముందు స్థల చరిత్ర చెప్పాలి. సిట్రస్ హైట్స్ వ్యాలీలో ఎత్తు లేదు, లోయ లేదు. సిట్రస్ మాత్రం ఒకప్పుడు ఉండేది. మనోరమ భర్త యాదగిరి వాళ్లది నాలుగెకరాల బత్తాయి తోట. ఒక బిల్డర్ వచ్చి, ఆ తోట అందానికి ముగ్ధుడై, దాని పేరు శాశ్వతంగా నిలిచిపోవాలని నిశ్చయించుకుని, తోటను కొట్టించాడు. గేటు మీద ఎనిమిది అడుగుల ఫైబర్ నారింజ పండును నిలబెట్టాడు. చీకటి పడితే దాని కడుపులో బల్బు వెలుగుతుంది. అది నీళ్లు అడగదు, రాలదు, తేనెటీగల్ని రానివ్వదు. అంత బాధ్యత గల పండును ఆ ప్రాంతం అంతకుముందు ఎరగదు.

మొత్తం తోటలో ఒకే ఒక్క బత్తాయి చెట్టు బతికింది. కాంక్రీటు పనివాళ్లు మధ్యాహ్నం అన్నానికి నీడ కావాలని దాన్ని ఆఖరున కొడదామనుకున్నారు. ఆఖరున మర్చిపోయారు. ఒప్పందంలో ఏ విల్లా కావాలని బిల్డర్ అడిగితే, ఈత కొలను పక్కది వదిలేసి, ఆ చెట్టు పెరట్లో ఉన్నదే కావాలంది మనోరమ. ఆమె తెలివితేటల మీద బంధువులకు అనుమానం మొదలైంది అప్పుడే.

నవంబరులో నోటీసు వచ్చింది. 'మీ పెరట్లో అనుమతి లేని వృక్షం ఉన్నట్లు గుర్తించడమైనది. ఆమోదిత మొక్కల జాబితాలో పద్నాలుగు రకాల పామ్ చెట్లు మాత్రమే కలవు. సదరు బత్తాయి మన సిట్రస్ థీమ్‌కు భంగకరముగా ఉన్నది. జనవరి ముప్పై ఒకటిలోగా తొలగించవలెను.'

మనోరమ నేరుగా అసోసియేషన్ కార్యదర్శి తృప్తి గారింటికి వెళ్లింది.

"మేడం, గా చెట్టు ఈ కాలనీ కంటె ముందుగాల నుంచే ఉన్నది."

"కాలనీ కాదండీ, కమ్యూనిటీ," అని తృప్తి గారు ఆప్యాయంగా సరిదిద్దారు. "నాకూ చెట్లంటే ప్రాణం. కానీ నిర్ణయం మారాలంటే కార్యవర్గ సభ్యులెవరైనా తీర్మానం పెట్టాలి."

"మీరే పెట్టుండ్రి మరి."

"నేను పంపిన నోటీసును నేనే తప్పుపడితే సంస్థ గౌరవం ఏమవుతుంది చెప్పండి?"

సంస్థ గౌరవం ముందు చెట్టు ఎంత? మనోరమ ఇంటికొచ్చింది. మేడ్చల్‌లో ప్లాట్ల ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన యాదగిరి చెప్పులు విప్పుతూ ఓదార్చాడు.

"ఒక్క చెట్టుకు గింత పరేషాన్ ఎందుకే? రావల్కోల్‌ల మన జాగ ఉన్నది. పది చెట్లు పెట్టుకుందం."

"అవి కాపుకొచ్చేటాల్లకు రావల్కోల్ కూడ వ్యాలీ అయితది."

రావల్కోల్ వ్యాలీ రంగుల బ్రోచర్ అప్పటికే యాదగిరి సంచిలో ఉంది.

ఇలాంటి సమయంలో వచ్చింది సర్క్యులర్ నలభై ఏడు. దాని వెనక తయారీ విధానం కూడా అచ్చు వేశారు. 'చిక్కటి పాలు మరిగించి, చాక్లెట్ పొడి కలిపి, పొంగు వచ్చు సమయమున రెండు నారింజల రసం ధారగా పోయవలెను.' దీన్ని తృప్తి గారే స్వయంగా ఒక వీడియో చూసి రాశారు. కార్యవర్గ సమావేశం జరుగుతుండగా శబ్దం ఆపేసి, రెట్టింపు వేగంతో చూశారు. అయినా ఇంత వివరంగా రాయగలగడం సామాన్యమైన విషయం కాదు.

క్లబ్‌హౌస్‌లో ఆవిడ అందరి ముందూ చేసి చూపించారు. రసం పడింది. పాలు విరిగాయి. గిన్నెలో గోధుమరంగు ముక్కలు పైకి తేలాయి, కింద పల్చటి నీళ్లు మిగిలాయి. నలభై మంది ఆడవాళ్లు, పదకొండు మంది మగవాళ్లు ఊపిరి బిగబట్టారు. పాలు విరగడం వాళ్లలో చూడనివాళ్లు లేరు. కానీ కార్యదర్శి చేతిలో చూడటం అదే మొదటిసారి.

తృప్తి గారు గరిటెతో ఒక ముక్కను పైకెత్తారు. "దీన్నే టెక్స్చర్ అంటారు," అన్నారు.

అందరూ ఊపిరి వదిలారు. విల్లా పదహారులోని రాజారావు గారు లేచి నిలబడ్డారు. ఆయన ఒకసారి స్విట్జర్లాండ్ విమానాశ్రయంలో విమానం కోసం తొమ్మిది గంటలు కూర్చున్నారు. అప్పట్నుంచి చాక్లెట్ విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. "మనం చాక్లెట్ తాగుతున్నాం. అక్కడ నములుతారు. తేడా అదే," అన్నారు. చప్పట్లు మోగాయి. ఆయన్నే న్యాయనిర్ణేతగా వేశారు.

ఆ వారం నూట పన్నెండు వంటిళ్లలో పాలు విరిగాయి. క్లబ్‌హౌస్‌కు రానివాళ్లు తమ పాలల్లోనే లోపం ఉందనుకున్నారు. పాలు పోసే గాలయ్యకు సంజాయిషీ నోటీసు వెళ్లింది. అతను క్యాన్లతో సహా ఆఫీసు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నలబై ఏండ్ల సంది పోస్తున్న పాలు. నా బర్రెలు ఎన్నడు గిట్ల జేయలే. పాలల్ల సంత్రలు పిండేది మీరు, అడిగేది నన్ను!"

సరఫరాదారు సహకరించడం లేదని మినిట్స్‌లో నమోదు చేశారు. కాపలా గది దగ్గరి మూడు కుక్కలు మాత్రం ఆ వారం బాగా ఒళ్లు చేశాయి.

శనివారం పొద్దున మనోరమ స్నేహితురాలు రాహేలు స్కూటర్ మీద అలియాబాద్ నుంచి వచ్చింది. ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. రాహేలు ఇప్పుడు బడిలో సైన్స్ టీచరు. సర్క్యులర్ తిప్పి చదివి కళ్లద్దాలు తీసింది.

"పాలల్ల పులుపు పడితే పలుగుతయని ఏడో తరగతి పిల్లలకు జెప్త నేను. మీ కాలనీల ఏడో తరగతి ఎవ్వలు పాస్ గాలేదానే?"

"గట్లనకే. అందరు ఇంజనీర్లు."

"రసం ఎందుకు? వాసనంత తొక్కల ఉంటది. క్రిస్మస్ కేకుల మేం ఏసేది తొక్కనే గద. నడువ్, నీ చెట్టు కాడికి."

పెరట్లో రెండు బత్తాయిలు తెంపారు. రాహేలు అల్లం తురిమే పీట మీద తొక్కను పైపైనే గీరింది. "తెల్లపొర తగలనీయకు, చేదయితది." గాలయ్య గేదె పాలు సన్నటి మంట మీద కాగాయి. చాక్లెట్ ముక్కలు కరిగాయి. ఇంత చక్కెర, చిటికెడు ఉప్పు. పొయ్యి ఆపేశాక తొక్క తురుము వేసి మూత పెట్టారు. ఐదు నిమిషాలు. మూత తీసి వడకట్టేసరికి, నాలుగెకరాల తోట పూత మీదున్నప్పటి వాసన వంటింట్లోకి వచ్చింది.

యాదగిరి ఒక కప్పు తాగాడు. కప్పులోకి చూశాడు. "ఇంకింత ఉన్నదా?" అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో వంట గురించి అతని నోట వెలువడిన అత్యున్నత ప్రశంస అది.

మనోరమకు ధైర్యం వచ్చింది. ఇది గెలవకపోతే ఇంకేది గెలుస్తుంది?

ఆదివారం, ఐదు గంటలు. క్లబ్‌హౌస్‌లో ఇరవై మూడు కప్పులు వరసగా ఉన్నాయి. మధ్యలో పెద్ద గాజు గిన్నెలో అలంకారం కోసం నారింజలు పేర్చారు. రాజారావు గారు మఫ్లర్ చుట్టుకుని వచ్చారు. బయట ఇరవై ఆరు డిగ్రీలు. ఆయన ఒక్కో కప్పులో చెంచా ముంచి, ముక్క తీసి, కళ్లు మూసుకుని నమిలారు.

"అద్భుతం. కొరికితే ప్రతిఘటిస్తోంది."

"ఇందులో నీళ్లు వేరుగా, ముక్కలు వేరుగా ఉన్నాయి. ఎంత స్పష్టత!"

ఇరవై రెండు కప్పులకూ టెక్స్చర్ కింద పదికి పది, తొమ్మిదిన్నర, పది. ఇరవై మూడోది మనోరమది. ఆయన చెంచా ముంచారు. చెంచాకు ఏమీ తగల్లేదు. మళ్లీ ముంచారు. కప్పు అడుగు దాకా కలిపారు. చివరికి ఎత్తి ఒక గుక్క తాగారు. రెండో గుక్క తాగారు. మూడోది తాగబోతూ, జనం చూస్తున్నారని గుర్తొచ్చి ఆగారు. ముఖం గంభీరంగా మారింది. తృప్తి గారి చెవిలో ఏదో చెప్పారు.

"మనోరమ గారూ," అన్నారు తృప్తి గారు, చావు కబురు చెప్పే గొంతుతో. "మీ కప్పులో టెక్స్చర్ లేదండీ. సర్క్యులర్ మీ దాకా రాలేదా?"

వెనక వరసల్లో గుసగుసలు. "పాపం, ఊరామె గదా," అని ఎవరో జాలిపడ్డారు. ఆ క్లబ్‌హౌస్ కట్టింది ఆమె తోటలోనే అన్న సంగతి జాలికి అడ్డు రాలేదు.

"టెక్స్చర్ కాదు మేడం, పాలు పలగలే గంతే," అని చెప్పాలని మనోరమ నోరు తెరిచింది. ఒక్క వాక్యం. చెబితే ఇరవై రెండు కప్పులూ ఒక్కసారిగా విరిగిన పాలైపోతాయి. కార్యదర్శి గారి గరిటె కూడా. ఆ తర్వాత ఆమె చెట్టు కోసం తీర్మానం పెట్టే మనిషి ఆ హాల్లో ఉండడు. జనవరి ముప్పై ఒకటి మాత్రం ఉంటుంది.

ఆఖరి వరసలో ఖాళీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాహేలు వద్దన్నట్టు తల ఊపింది.

"ఒక్క నిమిషం మేడం," అంది మనోరమ. "నా పని ఇంక అయిపోలే."

ఇంటి నుంచి తెచ్చిన కెటిల్‌లో మిగిలినది ఇంకా పొగలు కక్కుతోంది. అందులోంచి కప్పు నిండా పోసింది. అలంకారం గిన్నెలోంచి ఒక నారింజ తీసింది. ఆమె చెట్టు బత్తాయిలు తియ్యన, పాలు విరగ్గొట్టే పాపం వాటి చేత కాదు. చాకుతో కోసి, రెండు చెక్కలూ కప్పులోకి పిండింది. హాలంతా మెడలు చాచి చూస్తోంది. మూడు క్షణాలు ఏమీ జరగలేదు. తర్వాత మధ్యలో ఒక చీలిక. పాలు విరిగి, ముక్కలు పైకి తేలాయి.

చప్పట్లతో క్లబ్‌హౌస్ దద్దరిల్లింది. "కళ్ల ముందే, తాజాగా!" అని రాజారావు గారు మఫ్లర్ ఊపారు. పదికి పదకొండు ఇచ్చారు.

జనం ఫోటోల కోసం ఎగబడుతుంటే రాహేలు దగ్గరికొచ్చింది.

"గెలిచినవ్ గదనే. మంచిది. కెటిల్‌ల మిగిలింది నేను ఫ్లాస్కుల తీస్కపోత. మా బడి పిల్లలకు పోస్త. వాళ్లకింక టెక్స్చర్ తెల్వది."

మొదటి సమావేశంలోనే మనోరమ తీర్మానం పెట్టింది. ఏకగ్రీవంగా నెగ్గింది. బత్తాయి చెట్టుకు 'వారసత్వ వృక్షం' హోదా దక్కింది. హోదా వచ్చాక దానికి తగిన మర్యాదలు ఉంటాయి కదా. చుట్టూ ఇనుప కంచె, కంచెకు తాళం, తాళం చెవి ఆఫీసులో. పండు కోయదలచినవారు పదిహేను రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. మనోరమ చేసుకుంది. అనుమతి వచ్చేసరికి పండ్లు రాలి కుళ్లాయి. అందువల్ల పరిసరాలు పాడవుతున్నాయని ఆమె పేరనే ఇంకో నోటీసు తయారైంది. దాని కింద సాంస్కృతిక సభ్యురాలి సంతకం కావాలి. ఆమె పెట్టింది. సంస్థ గౌరవం ఉంటుంది కదా.

ఏడాది తిరిగింది. చలికాలం మళ్లీ సాయంత్రం ఐదు గంటలకు ప్రారంభమైంది. రాజారావు గారు మోకాళ్ల నొప్పులతో రాలేకపోతే, న్యాయనిర్ణేత కుర్చీలో మనోరమ కూర్చుంది. ఆమె మెడలో మఫ్లర్ బాగానే నప్పింది.

ఇరవై తొమ్మిది కప్పులు. ఇరవై ఎనిమిదింటి ముక్కలు శ్రద్ధగా నమిలింది. ఆఖరి కప్పు ముందు కొత్తగా దిగిన అశ్రిత నిలబడి ఉంది. పెళ్లై షామీర్‌పేట్ వైపు నుంచి వచ్చిన పిల్ల. ఇదే ఆమె మొదటి పోటీ.

మనోరమ చెంచా ముంచింది. ఏమీ తగల్లేదు. కప్పు ఎత్తింది. పెదవులకు తగలకముందే ఆ వాసన తగిలింది. పూత మీదున్న తోట.

"ఎవలు నేర్పిండ్రు నీకు?"

"మా రాహేలు టీచరు మేడం. రసం పోస్తే పలుగుతయట, తొక్క గీకి ఏయాలె అన్నది."

తృప్తి గారు ముందుకు వంగి చూస్తున్నారు. మనోరమ ఒక గుక్క తాగింది. ఇంకొకటి. ఆగలేదు. చివరి చుక్క దాకా తాగి, మఫ్లర్ కొసతో మూతి తుడుచుకుని, కలం తీసింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా. టెక్స్చర్ లేదు," అంది. కాగితం మీద సున్నా చుట్టింది.

అశ్రిత సున్నా వైపు చూసింది. ఖాళీ కప్పు వైపు చూసింది. వెనక కూర్చున్న మన వైపు చూసింది. మనలో ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పుడు బల్ల మధ్య గాజు గిన్నెలోని నారింజల వైపు మెల్లగా చెయ్యి చాచింది.

చప్పట్ల కోసం మనం చేతులు సిద్ధం చేసుకున్నాం.