ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా సముద్రం

ఆదివారం ఉదయం ఆరు గంటల ముప్పై రెండు నిమిషాలకు మా అమ్మాయి ప్రశాంతత నుంచి తప్పించుకుని పారిపోయింది!

మంచం ఖాళీ. దుప్పటి లేదు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి. గోడకు నేను స్వహస్తాలతో అంటించిన టైమ్ టేబుల్‌లో ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా 'సముద్రం చూచుట, మనసు తేలికపరచుకొనుట' అని స్పష్టంగా ఉంది. సముద్రం టైముకు సిద్ధంగా ఉంది. చూడవలసిన విద్యార్థిని లేదు.

రెండు నిమిషాలు ఆలస్యం! పాఠకులారా, విశ్రాంతి విషయంలో రెండు నిమిషాలంటే మాటలా?

"ఎవాంజెలిన్ ఏది?" అని అరిచాను.

"మీ అరుపు వింటే లోపల ఉన్న మనిషి కూడా బయటికి పోతుంది," అంది నా భార్య లిల్లీ పళ్లు తోముకుంటూ.

నేరస్థలం నుంచి ఒక్క నిమిషం పక్కకు రండి. విద్యార్థి జాతిని కాపాడగలిగే దివ్యౌషధం ఈ లోకంలో ఒక్కటే ఉంది. వీకెండ్ ట్రిప్! కాదన్నవాళ్లు నాతో వాదనకు రావచ్చు.

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీ. నిద్ర ఐదు గంటలు, పరీక్షలు వారానికి మూడు. పోయిన నెల అన్నం ముందు కూర్చుని ఊరికే ఏడ్చింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళితే "స్ట్రెస్ అండీ" అన్నాడు. "దానికి సిలబస్ ఎంత డాక్టర్?" అని అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టి నన్ను చాలాసేపు చూశాడు. "రెండు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్లండి" అన్నాడు.

తీసుకొచ్చాను! శనివారం మధ్యాహ్నం హాస్టల్‌లో మీసాల వార్డెన్ చేతికి ఔటింగ్ లెటర్ ఇచ్చి, పిల్లను కారెక్కించి, కోట అనే ఊరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న కాటేజీలో దించాను. నా వెంట లిల్లీ, మా అమ్మ రెబెక్కమ్మ, పదమూడు కిలోల స్టడీ మెటీరియల్.

మెటీరియల్ ఎందుకంటారా? ఖాళీగా కూర్చుంటే పిల్లలకు స్ట్రెస్ గుర్తొస్తుంది. అందుకే కాలేజీవాళ్లే ఎంతో దయతో 'రిలాక్సేషన్ అసైన్‌మెంట్' అని నూట ఎనభై బిట్లు ఇచ్చి పంపారు. అంతేకాదు, పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ కూడా పెట్టారు. విద్యార్థి నవ్వుతున్న ఫొటో ఒకటి ఆదివారం ఎనిమిది గంటల్లోపు పోస్ట్ చేయాలట. నవ్వు సహజంగా ఉండాలట! ఇంత శ్రద్ధ మా కాలంలో ఎవరు చూపించారండీ? మేం నవ్వామో లేదో కూడా రికార్డుల్లో లేదు.

శనివారం సాయంత్రమే ఆ పని మొదలుపెట్టాను. పదిహేడు ఫొటోలు తీశాను. పదకొండోదానిలో పెదవి కొంచెం కదిలింది గానీ, అది ఇసక పడినందువల్ల అని తర్వాత తేలింది.

ఇక టైమ్ టేబుల్ సంగతి. కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి! మా కాటేజీ నుంచి చూస్తే దక్షిణాన శ్రీహరికోట. అక్కడ రాకెట్టుకే కౌంట్‌డౌన్ ఉన్నప్పుడు, ఇక్కడ ఆనందానికి ఉండకూడదా? 'అల్పాహారం, ఎనిమిది నిమిషాలు. గవ్వలు ఏరుట, పన్నెండు నిమిషాలు. తల్లితో కబుర్లు (చదువు గురించి), పది నిమిషాలు.' ఇందులో తప్పేముంది?

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం నా చొక్కా జేబులో ఉంది. సోమవారం నుంచి మొదలయ్యే స్పెషల్ బ్యాచ్ ఫారం. అందులో చేరితే పరీక్షలు అయ్యేదాకా నాలుగు నెలలు ఔటింగ్ ఉండదు. ఆదివారం పది నిమిషాలు ఫోను. అంతే. నేను సంతకం పెట్టి సాయంత్రం ఆరుకల్లా హాస్టల్ గేటు దగ్గర ఇవ్వాలి. రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకున్న బిడ్డకు నాలుగు నెలలు విశ్రాంతితో పనేమిటి? లాజిక్ చూశారా!

అమ్మాయిని అడిగారా అంటారేమో. ఆ పిల్లకు అడిగి స్ట్రెస్ ఎందుకు ఇవ్వడం?

సరే, మళ్లీ నేరస్థలానికి.

బాత్‌రూమ్‌లో లేదు. కారులో లేదు. కాటేజీ వెనక సరుగుడు తోటలో లేదు. ఇసకలో చెప్పుల్లేని పాదాల గుర్తులు కనిపించాయి. అవి నేరుగా నీళ్లవైపు వెళ్లాయి.

అక్కడ ఒక్క నిమిషం నాకు బిట్లు గుర్తు రాలేదు. ర్యాంకు గుర్తు రాలేదు.

ఆ నిమిషం టైమ్ టేబుల్‌లో లేదు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

గుర్తులు తడి ఇసక దాకా వెళ్లి పక్కకు తిరిగాయి. వాటి వెంటే పరుగెత్తాను. వంద గజాల అవతల ఒడ్డుకు లాగిపెట్టిన పడవ, దాని నీడలో వల బాగుచేసుకుంటూ ఒక పెద్దాయన. పేరు ముత్యాలయ్య అని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"అరవబాకండి సార్. పాప నిద్రపోతా ఉండాది."

పడవలో, వలల కుప్ప మీద, దుప్పటి కప్పుకుని మా ఎవాంజెలిన్! నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు ఉయ్యాల్లో పడుకున్నట్టే పడుకుని ఉంది.

"ఎప్పుడొచ్చింది?"

"తెల్లారతా ఉండంగా వచ్చినాది. 'తాతా, ఈడ ఫోను సిగ్నల్ వస్తాదా?' అని అడిగినాది. రాదు తల్లీ అన్నా. 'అయితే ఈడే పడుకుంటా' అన్నాది."

"సముద్రం చూసే టైములో నిద్రపోతోంది! లేపాలి!"

"సముద్రం యాడికి పోతాది సార్? లేపబాకండి." మళ్లీ వలమీదికి వంగాడు. "నేను ఇయ్యాల వేటకి పోవాల. పాప లేచినాక పోదామని కూసోనున్నా."

చూశారా క్రమశిక్షణ లేకపోవడం! నేనూ పక్కన కూర్చున్నాను. ఆ కూర్చున్న టైమును 'తండ్రి పర్యవేక్షణ' కింద రాసుకున్నాను.

ఎనిమిదింటికి లేచింది. ఫొటో గడువు దాటిపోయింది. కాటేజీకి వచ్చేసరికి మా అమ్మ వరండాలో చాప వేసి బైబిలు పట్టుకుని కూర్చుంది. ఆదివారం గుడికి పోలేదు కాబట్టి కుటుంబ ప్రార్థన తప్పనిసరి అని ఆమె పట్టు. దానికి నేను పదిహేను నిమిషాలు కేటాయించాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా ఇళ్లల్లో చుట్టూ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు పైకే ప్రార్థన చేస్తారు. మిగతావాళ్లు కళ్లు మూసుకుని, మధ్యమధ్యలో ఆమేన్, స్తోత్రం అంటూ ఉండాలి. చేసేవాళ్లను ఆపకూడదు. అడ్డం మాట్లాడకూడదు. ఎంత పెద్ద లాయరుకైనా అక్కడ అబ్జెక్షన్ లేదు.

అమ్మాయి వంతు వచ్చింది.

"పరలోకమందున్న మా తండ్రీ, నీకు స్తోత్రాలు. పడవలో రెండు గంటలు నిద్ర ఇచ్చినందుకు స్తోత్రం."

"స్తోత్రం," అన్నాను అలవాటు కొద్దీ.

"ప్రభువా, నన్ను ఒక మనిషి నిద్రపోనివ్వడం లేదు. ఆయన చెడ్డవాడు కాదు. నేను తింటుంటే గడియారం చూస్తాడు. ఏం మాట్లాడినా మార్కుల దగ్గరికే తీసుకొస్తాడు. ఏడిస్తే ఎందుకని అడగడు, ఎంతసేపని అడుగుతాడు."

అర్థమైంది! హాస్టల్ వార్డెన్! నాకు మొదటినుంచీ ఆ మీసాల మీద అనుమానమే. "ఆమేన్!" అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఆ మనసును మార్చు ప్రభువా."

"మార్చు ప్రభువా! ఆమేన్!" నా గొంతు సముద్రం దాకా వినిపించి ఉంటుంది. పక్కనుంచి లిల్లీ దగ్గింది. ఆమెకు సముద్రపు గాలి పడదు.

"రేపటి నుంచి నన్ను ఆ బ్యాచ్‌లో వేస్తే ఆయన మీద కోపం నాలో మిగిలిపోతుందేమోనని భయంగా ఉంది. నాకు ఆయనంటే ఇష్టం. ఆ ఇష్టం పోనివ్వకు. ఒక్కసారి నన్ను అడిగితే వద్దని చెప్పేదాన్ని."

నా రక్తం ఉడికిపోయింది. నా బిడ్డ నాలుగు నెలలు ఆ వార్డెన్ చేతిలో ఉండాలా? స్పెషల్ బ్యాచ్ ఆయన ఫ్లోరులోనే! కళ్లు మూసుకునే జేబులోంచి ఫారం తీశాను. అడ్డంగా చించాను. నిలువుగా చించాను. గాలి ఆ ముక్కల్ని ఎటు తీసుకెళ్లిందో కూడా చూడలేదు.

"ఏంది ఆ చప్పుడు?" అంది మా అమ్మ కళ్లు తెరవకుండానే. "ఎవాంజెలిన్, అట్టా చాటుమాటుగా చెప్పబాకమ్మా. దేవునికి ఎట్టాగూ తెలుసులే, మాకు తెలియొద్దా? పేరు పెట్టి అడుగు."

"అవును తల్లీ," అన్నాను నిబంధన మీరి. "భయపడకు. ఎంత పెద్దవాడైనా సరే, పేరు చెప్పు!"



"సుశీల్ కుమార్, ప్రభువా," అంది మా అమ్మాయి. "మా నాన్న."