ఎక్కుడు లేని కొండదారి

రండమ్మా, రండి నాయనా, దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ గోడకానుకున్న పెద్దాయన కూడా ముందుకి రావాలి. ఈ కథలో కాస్త నెమ్మదిగా చెప్పాల్సిన చోటొకటుంది, అది వినపడకపోతే మిగతాదంతా విన్నా లాభం లేదు. కొండల మీద కొలువుండటం ఇష్టమైన ఆ స్వామిని ఒక్కసారి తలుచుకోండి. కథ కూడా కొండ మీదిదే.

ఒక పెద్ద అడవిలో, మంచుకొండల మధ్య చల్లగా పడుకున్న లోయ ఒకటుంది. అక్కడి జంతువులన్నీ కలిసి ఒక పంచాయతీ నడుపుకునేవి. దానికి అధ్యక్షుడు గుబురప్ప అనే ఎలుగుబంటి. మనిషి మంచివాడే. మనిషి అన్నానా, అలవాటు. ఎలుగు మంచిదే. కాకపోతే మైకు ముందు నిలబడితే తనమీద తనకి ప్రేమ పొంగుకొచ్చేది. అలా పొంగినప్పుడే ఒక ఎన్నికల సభలో, కుర్రతనంలో తను ఈ కొండలన్నీ సైకిల్ మీద ఎక్కి దిగానని చెప్పేశాడు. గెలిపిస్తే లోయకి కంకర సైకిల్ దారి వేయిస్తానని, మొదట తానే తొక్కి చూపిస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

గెలిపించారు. ఆయన మాత్రం అప్పటిదాకా సైకిల్‌ని ముట్టుకుని ఎరగడు.

సరే, ముందు అధ్యయన యాత్రకు వెళ్లారు. పక్క లోయలో మనుషులు కంకర దారుల మీద లావు టైర్ల సైకిళ్లు తొక్కుతారు కదా, పొదల వెనక నక్కి అది చూడటమే యాత్ర. దిగేవాళ్లని చూసి గుబురప్ప మురిసిపోయాడు. గాలికి చొక్కాలు ఎగురుతున్నాయి, పాటలు పాడుకుంటున్నారు. తర్వాత ఎక్కేవాడొకడు వచ్చాడు. మొహం కందిపోయింది, నాలుక బయటికొచ్చింది, ఏ జన్మలో ఏ పాపం చేశానో అన్నట్టుంది వాడి చూపు. గుబురప్ప తన పొట్ట తడుముకున్నాడు. అందరి ముందూ తనకీ అలా నాలుక బయటికొస్తే కుర్చీ దక్కదని ఆయనకి అక్కడే అర్థమైపోయింది.

తిరిగొచ్చాక పంచాయతీ కూర్చుంది. దారి వేద్దాం, కానీ అందులో ఎక్కుడు ఉండకూడదు అన్నాడు గుబురప్ప.

చెంగయ్య అనే కొండమేక, సభ్యుల్లో కొంచెం తిక్కది, గడ్డం గోక్కుంది. "పైనుంచి కిందికి దిగుడేనండీ, బాగుంది. మరి కిందినుంచి పైకి రావాలంటే?"

కార్యదర్శి నక్క లేచింది. దాని పేరు సవరణయ్య. ఏ ఇబ్బందినీ తీర్చదు, దాని పేరు మారుస్తుంది. "అధ్యక్షా, చిన్న సవరణ. పైకి వచ్చేదాన్ని ఎక్కుడు అనొద్దు. తిరుగు దిగుడు అందాం."

సభ చప్పట్లతో ఊగిపోయింది. దారికి రెండు చివర్లా "అంతా దిగుడే" అని బోర్డులు రాయించారు. ఆ తిరుగు దిగుడులో సైకిళ్లనీ, తొక్కేవాళ్లనీ వీపు మీద పైకి మోసుకొచ్చే పని జడలమ్మకి అప్పజెప్పారు. జడలమ్మంటే జడల బర్రె, ఆ లోయలో బరువంతా పుట్టినప్పటినుంచీ ఆవిడ వీపు మీదే నడుస్తోంది. ఆవిడ సరేనంది. ఆవిణ్ణి అడిగారా అంటే, లేదు, చెప్పారు.

కంకర పరిచారు. ముగ్గు వేసినట్టుంది దారి. ప్రారంభోత్సవానికి పొరుగు అడవి అధ్యక్షురాలు చంద్రకాంతమ్మ వస్తోందని కబురొచ్చింది. ఆవిడ మంచుచిరుత, అన్నీ పైనుంచి కిందిదాకా చూసే రకం. సవరణయ్యకి బెంగ పట్టుకుంది. గిట్టల జాతి నడిస్తే కంకర చెదిరిపోతుంది, అతిథి ముందు పరువు పోతుంది, కాబట్టి గిట్టలున్నవాళ్లు దారి మీద కాలు పెట్టకూడదని ఇంకో సవరణ తెచ్చాడు. గుబురప్ప అవునన్నాడు. అందరూ చేతులెత్తారు. చెంగయ్య కూడా ఎత్తాడు. తనకీ గిట్టలున్న సంగతి ఇంటికెళ్లాక భార్య చెబితే గుర్తొచ్చింది.

ప్రారంభం రోజు ఎండ బంగారంలా కాసింది. పైన పంచాయతీ మంటపం దగ్గర రిబ్బన్‌లా కట్టిన తీగె కత్తిరించి, స్వామిని తలుచుకుని, నాలుగు రోజులు చాటుగా పడుతూ లేస్తూ నేర్చుకున్న గుబురప్ప సైకిలెక్కాడు. తొక్కాల్సిన పనేముంది, అంతా దిగుడే. బొచ్చంతా గాలికి వెనక్కి ఎగురుతుంటే, తను నిజంగానే కుర్రతనంలో ఈ కొండలన్నీ తిరిగాడేమోనని ఆయనకే అనుమానమొచ్చింది. వెనకే చంద్రకాంతమ్మ, ఆ వెనక సవరణయ్య. కింద ఏటి ఒడ్డున విందు. గుబురప్ప తేనెపట్టు ఒక్కటీ వదల్లేదు.

విందయ్యాక అతిథి మూతి తుడుచుకుంటూ అడిగింది, "సన్మానం పైనన్నారు కదా. ఎలా వెళ్లడం?"

గుబురప్ప జడలమ్మ కోసం చూశాడు. ఆవిడ దారి పక్కన ముళ్లపొదల్లో నిలబడి ఉంది. దారి మొదట్లో కాపలా ఉన్న ముళ్లపంది ఆవిణ్ణి లోపలికి రానివ్వలేదు. రూల్ రూలే. ఆ రూల్ కింద సంతకం గుబురప్పదే.

"తిరుగు దిగుడేనండీ," అని సవరణయ్య బోర్డు చూపించి, తనకి కడుపులో బాగాలేదని ఏటి ఒడ్డునే కూలబడ్డాడు.

చంద్రకాంతమ్మ బోర్డు వైపు చూసింది, కొండ వైపు చూసింది, సైకిలెక్కి సాగిపోయింది. గుబురప్పకి ఇక తప్పలేదు. మొదటి మలుపు దాటేసరికి ఆవిడ కనపడకుండా పోయింది. ఈయన ఎంత తొక్కినా వెనక చక్రం కంకరని నములుతోందే గానీ ముందుకి కదలడం లేదు. తిన్న తేనె అంతా గొంతులోకొచ్చింది. పైన అడవంతా ఎదురుచూస్తోంది. ఇంకాసేపట్లో మొహం కందిపోయి, నాలుక వేలాడేసుకుని వాళ్లకి కనిపిస్తాడు. స్వామీ, కుర్చీ పోతే పోయింది, నవ్వులపాలు మాత్రం చెయ్యకు అనుకున్నాడు.

ఇదిగో, నెమ్మదిగా చెప్పాల్సిన చోటిదే.

సైకిల్ తేలికైంది. ఎవరో చెయ్యేసినట్టు ముందుకి కదిలింది.

"ఎవరది?" అన్నాడు గుబురప్ప.

"నేనేనయ్యా, జడలమ్మని. వెనక్కి తిరక్కండి, పడతారు."

"నీ గిట్టలు..."

"దారి మీద పెట్టలేదులెండి."

నిజమే. గిట్టలు దారంచున ముళ్లల్లో ఉన్నాయి, మెడ సాచి నుదురు మాత్రం సీటుకి ఆనించి తోస్తోంది. కాస్త దూరం పోయాక గుబురప్ప గొంతు తగ్గించి అన్నాడు, "నిన్ను రానివ్వొద్దన్నది నేనేనమ్మా."

"తెలుసయ్యా. ఎక్కుడు కదా, ఎవరో ఒకరు తోయాలి. తొక్కండి, మీరూ కాస్త తొక్కండి."

చివరి మలుపు దగ్గర నుదురు తీసేసింది. అక్కణ్ణుంచి మంటపం వాళ్లకి దారి కనిపిస్తుంది. ఆవిడ ముళ్లల్లోనే ఆగిపోయింది.

గుబురప్ప పైకి చేరేసరికి చంద్రకాంతమ్మ ఒక బండ మీద చతికిలబడి రొప్పుతోంది. ఈయనకి ఊపిరి కూడా బరువెక్కలేదు. అడవి ఈలలు వేసింది. అడ్డదారిన నడిచి అప్పుడే వచ్చిన సవరణయ్య శాలువా కప్పుతూ, ఇంతటి అధ్యక్షుడికి దిగుడు దారి అవమానమని, వచ్చే ఏడు నేరుగా మంచు శిఖరానికి దారి వేసి, వారి చేతే ప్రారంభించాలని అక్కడికక్కడే సవరణ పెట్టాడు. అందరి చేతులూ లేచాయి.

గుబురప్ప ఆ శిఖరం వైపు చూశాడు. తర్వాత చివరి మలుపు వైపు చూశాడు. శాలువా తీసి పక్కన పెట్టాడు.

"నేనెక్కలేదు," అన్నాడు. "జడలమ్మ తోసింది. కుర్రతనంలో కూడా నేనేమీ ఎక్కలేదు."

అప్పుడు సవరణయ్య కళ్లొత్తుకుని, "చూశారా వారి వినయం," అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. విసిగిపోయి, గిట్టల రూల్ కొట్టేస్తున్నానని గుబురప్ప అరిచాడు. తోసే గిట్టలకి మాత్రమే మినహాయింపు అని సవరణయ్య సవరించాడు. చెంగయ్య చెయ్యెత్తాడు.

ఆ శిఖరం దారి ఇంకా పడలేదు, కమిటీ వేశారు. కానీ ఆ లోయకి పొద్దున్నే వెళితే మొదటి మలుపు దగ్గర ఒక లావుపాటి ఎలుగుబంటి కనిపిస్తుంది. ఎక్కలేక ఆగిన కుందేలు సైకిల్‌నో, ముంగిస సైకిల్‌నో నుదుటితో తోస్తూ పోయి, చివరి మలుపు దగ్గర పొదచాటున ఆగిపోతుంది.

నీతి అంటారా? కొండకి ఎక్కుడు లేకుండా చేయడానికి ఒక తీర్మానం చాలు, ఎక్కడానికి మాత్రం జడలమ్మ కావాలి.

నక్కనీ మేకనీ ఇక్కడే మరిచిపోయినా ఫరవాలేదు నాయనా. ఆవిడ తోసి, చివరి మలుపు దగ్గర ఆగిపోయింది చూశారూ, ఆ ఒక్కటీ గుర్తు పెట్టుకోండి. రేపు మీ దారిలో ఎవరైనా ఎక్కుతూ కనిపిస్తే, మీరూ అలాగే చెయ్యండి.