డిపాజిట్ చేసిన మాట

స్పీచ్ థెరపీ కోర్సులో చేరిన రోజున విద్యార్థులు పదో తరగతి సర్టిఫికెట్టుతో పాటు "నాకు తెలియదు" అనే మాటను కూడా ఆఫీసులో డిపాజిట్ చేయాలి. గుమాస్తా భానోజీరావు కవరు తెరిచి పట్టుకుంటాడు. విద్యార్థులు అందులోకి ఆ మాటను మూడుసార్లు చెబుతారు. ఆయన కవరు అంటించి, లక్క ముద్ర వేసి, రసీదు ఇస్తాడు. ఆ క్షణం నుంచి ఆ మాట గానీ, ఆ అర్థం వచ్చే ఇంకో మాట గానీ నోటికి రాదు. తమ గురించి అలా రాయబోతే పెన్ను ఆగిపోతుంది. తల అడ్డంగా ఊపుదామన్నా మెడ తిరగదు, ఏడో నిబంధన దాని గురించే. రోగులకు నమ్మకం సడలకూడదని ఈ ఏర్పాటు. డిగ్రీ వచ్చాక రసీదు చూపించి ఎవరి మాట వాళ్ళు తీసుకెళ్ళవచ్చు.

రెండో సంవత్సరం చదువుతున్న ఇందుమతికి పద్నాలుగు నెలలుగా ఆ మాట లేని లోటు తెలియలేదు. నత్తి ఉన్న పిల్లలకు నెమ్మదిగా మాట్లాడటం నేర్పేది, అది ఆమెకు బాగా వచ్చు. వృత్తి ధర్మం పరీక్షలో "చేతకాని పని చేపట్టరాదు, వెంటనే పర్యవేక్షకులకు చెప్పాలి" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకుంది. ఎలా చెప్పాలని ప్రశ్నపత్రంలో అడగలేదు.

ఒక సోమవారం పర్యవేక్షకురాలు సబితా మేడం తనిఖీ బృందం వెంట తిరుగుతుండగా వార్డు నుంచి చీటీ వచ్చింది. పదకొండో బెడ్డు, పైడిరాజు, లారీ డ్రైవరు, పక్షవాతం. నీళ్ళు సరిగ్గా మింగగలడో లేదో పరీక్షించి సంతకం చేస్తే ఆహారం పోసే ముక్కు గొట్టం తీసేస్తారు. మింగుడు పరీక్ష రెండో సంవత్సరం వాళ్ళు చేయాల్సింది కాదు. ఇందుమతి దాన్ని ఒక్కసారి, అదీ వెనక వరసలో నిలబడి చూసింది.

"ఈ పరీక్ష మీకు తెలుసు కదా?" అన్నాడు వార్డు డాక్టరు.

"తెలుసు," అంది ఇందుమతి. ఆమె ఆ మాట అనదలచుకోలేదు. నోట్లో ఇంకో మాట లేదు.

ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. కవరు అరగంట ఇప్పించమంది.

"తాత్కాలిక విడుదలకి మేడం గారి సంతకం కావాలమ్మా," అన్నాడు భానోజీరావు.

మేడంకు ఫోన్ చేసింది. "పదకొండో బెడ్డుకి మింగుడు పరీక్ష చేయమంటున్నారు మేడం."

"తెలుసుగా?"

"తెలుసు మేడం."

"మరింకేం? చేసెయ్," అని ఆవిడ పెట్టేసింది.

భానోజీరావు బీరువా తెరిచి చూపించాడు. "మేడం గారి కవరూ ఇక్కడే ఉంది చూడు. డిగ్రీ వచ్చాక ఒక్కరూ వచ్చి అడగరమ్మా. అవసరం పడటం లేదంటారు." అరల నిండా కవర్లు, కొన్నింటి మీద లక్క పొడి రాలుతోంది. ఇందుమతికి నిజంగా భయం వేసింది.

వార్డులో పైడిరాజు భార్య అప్పలనరసమ్మ లేచి నిలబడింది. "మాకేటీ తెల్దు తల్లీ. నువ్వు తాగమంటే తాగుతాడు, వద్దంటే మానెత్తాడు."

రోగుల తాలూకు వాళ్ళ దగ్గర ఆ మాట ఎవరూ డిపాజిట్ తీసుకోరు. ఆమె దాన్ని అంత సులువుగా అనేస్తుంటే ఇందుమతికి అసూయ కలిగింది. "ఇంకోసారి అనండమ్మా," అని అడిగి, ఆ ముక్కను ఆమె పేరుతోనే కేసు షీటులో రాసింది. రోగి తాలూకు వాళ్ళకు తెలియకపోవడానికి షీటులో గడి లేదని నర్సు దాన్ని కొట్టేసింది.

మూడు చెంచాల నీళ్ళు పోశారు. పైడిరాజు దగ్గలేదు.

"దగ్గలేదు. బాగుంది," అన్నాడు డాక్టరు.

ఇందుమతికి పాఠంలో ఒక వాక్యం గుర్తొచ్చింది. గొంతులో స్పర్శ చచ్చిపోయినవాడికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. "ఆ అనండి," అంది. పైడిరాజు "ఆ" అన్నాడు. ఆ గొంతులో నీటి గరగర ఉంది. అది ఆ నీళ్ళదో, పాత కఫానిదో పోల్చుకోవడం ఆమెకు చేతకాదు.

"గొట్టం తియ్యకండి," అంది.

"ఎందుకు? ఆ గరగర పాత కఫానిది కావచ్చుగా?"

దానికి నిజమైన జవాబు ఒక్కటే, అది బీరువాలో ఉంది. డాక్టరు మర్యాదగా చాలాసేపే ఆగాడు, వెనక ఇంకా తొమ్మిది బెడ్లున్నాయి. "కారణం లేనప్పుడు ఆపడం బాగుండదు కదా," అని పెన్ను అందించాడు. ఆమె సంతకం చేసింది.

గురువారానికి పైడిరాజుకు జ్వరం వచ్చి ఆయాసం పట్టుకుంది. ఐసీయూకి మార్చారు. శుక్రవారం విచారణ సంఘం కూర్చుంది. సబితా మేడం సహా సభ్యులు ముగ్గురు, ప్రశ్న ఒకటే.

"ఆ రోజు ఆ పరీక్ష ఎలా చేయాలో మీకు తెలుసా?"

"తెలుసు," అంది ఇందుమతి.

తెలిసిన వ్యక్తే పరీక్ష చేసినందున లోపమేమీ జరగలేదని సంఘం నిర్ణయించింది. టీ వచ్చింది, అందరూ తాగారు.

ఐసీయూ గుమ్మం దగ్గర అప్పలనరసమ్మ ఆమెను ఆపింది. "మా మావ బతుకుతాడా తల్లీ?"

"బతుకుతాడు," అంది ఇందుమతి.

అప్పలనరసమ్మ ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "పోన్లే, తెలిసినోలు సెప్పినారు," అని భర్తను ఐసీయూకి మార్చాక మొదటిసారి అన్నం డబ్బా మూత తీసింది.