ద్వారకానాథ్ గారి రాజీనామా

"పదవులా? నాకు గడ్డిపరకతో సమానం!"

ఈ మహావాక్యం మెల్‌బోర్న్ శివారు టార్నీట్ కమ్యూనిటీ హాల్లో రెండేళ్లకోసారి మార్మోగుతుంది. పలికేది ప్రొఫెసర్ ద్వారకానాథ్ గారు. జనకిరణం పార్టీ ఆస్ట్రేలియా శాఖకు ఆయన వ్యవస్థాపక అధ్యక్షుడు. పార్టీ ఉన్నది తెలుగునాట, ఎన్నికలు జరిగేది అక్కడ, ఓట్లున్నదీ అక్కడే. అయితేనేం, అధ్యక్షుడనేవాడు టార్నీట్‌లో లేకపోతే ఎలా!

ఆ వాక్యం తర్వాతి తంతు అందరికీ కంఠతా వచ్చు. ఆయన రాజీనామా ప్రకటిస్తారు. కార్యదర్శి సత్యనారాయణమూర్తి లేచి, కళ్లజోడు తీసి, "మీరు లేని పార్టీ మాకెందుకండీ!" అని బావురుమంటాడు. జనం "మీరే ఉండాలి" అని గోల చేస్తారు. ఆయన "నా కాళ్లకు బంధం వేసేశారయ్యా" అని నిట్టూర్చి, ఏకగ్రీవంగా ఎన్నికవుతారు. ఆ పైన బిర్యానీ. ప్రజాస్వామ్యమంటే అంత హాయిగా ఉండాలి మరి!

ఈసారి మాత్రం ఆయన గుండె కాస్త పీకుతోంది. వచ్చే నెల పార్టీ అధినేత మెల్‌బోర్న్ వస్తున్నారు. వేదిక మీద అధినేత పక్క కుర్చీ శాఖాధ్యక్షుడిది. ఆ కుర్చీలో ఒక ఫోటో కోసం ద్వారకానాథ్ గారు ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నారు. దాని కోసం ఇంట్లో గోడ కూడా ఖాళీ చేయించారు. అక్కడ ఉన్న పెళ్లి ఫోటో గరాజ్‌లోకి వెళ్లింది.

పీకుడికి కారణం చలపతి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఐటీ కుర్రాడు. కారు ర్యాలీ అంటే చలపతి, ఫ్లెక్సీ అంటే చలపతి, మొన్న పార్కులో బార్బీ, అదే బార్బెక్యూ, పెడితే పొగలో నిలబడి చికెన్ కాల్చిందీ చలపతే. కుర్రకారంతా వాడి వెనకే. పైగా ఈయన్ని "అంకుల్" అంటాడు. రాజకీయాల్లో అంకుల్ అనిపించుకున్నవాడు సగం దిగిపోయినట్టే.

"ఈసారి ఆ గడ్డిపరక ఊసెత్తకండీ," అంది భార్య కాత్యాయని.

"ఎత్తకపోతే పదవి పట్టుకు వేలాడుతున్నాడంటారే, పిచ్చిదానా!"

సభలో మామూలుగానే ఊసెత్తారు. రాజీనామా ప్రకటించారు. సత్యనారాయణమూర్తి కళ్లజోడు తీశాడు. కానీ అతను నోరు తెరిచేలోగా చలపతి లేచాడు. వాడి కళ్లల్లో నీళ్లు. నిజం నీళ్లే!

"అంకుల్ మాటంటే మాటే. ఆయన వద్దంటుంటే మనం బలవంతం జేసుడంటే ఇన్సల్ట్ చేసినట్టే గదా! విత్ ఎ హెవీ హార్ట్, మనమందరం అంకుల్ డెసిషన్‌ని రెస్పెక్ట్ చేద్దాం!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "అది కాదర్రా..." అని ద్వారకానాథ్ గారు అంటూనే ఉన్నారు, శాలువా వచ్చేసింది. దండ వచ్చింది. పేరు చెక్కించిన మెమెంటో వచ్చింది. తెలుగువాడు తిట్టుకు ఎదురు తిరగగలడు, దెబ్బకు ఎదురు తిరగగలడు, శాలువాకు మాత్రం మెడ వంచక తప్పదు! కప్పినవాడు ఎవరనుకున్నారు? సత్యనారాయణమూర్తే.

"జీవితసాఫల్యమండీ," అన్నాడు చెవిలో, కళ్లజోడు పెట్టుకుంటూ.

చలపతి ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. బిర్యానీ యథావిధిగా జరిగింది.

"మీరే కదా వద్దన్నారు?" అంది కాత్యాయని కార్లో.

"వద్దంటే వద్దనా అర్థం!" అని గొంతు చించుకున్నారాయన. పాపం, వారం రోజులు అన్నం సయించలేదు.

అధినేత రానే వచ్చారు. ఆయన కోసం పెళ్లి డెకరేషన్ వాళ్ల దగ్గర కుర్చీ అద్దెకు తెచ్చారు. ఎర్ర మఖమలు, చేతులకు బంగారు రంగు సింహాలు. పక్క కుర్చీలో చలపతి కూర్చుని, అధినేత దగ్గినప్పుడల్లా మంచినీళ్లు అందించాడు. ద్వారకానాథ్ గారికి వందన సమర్పణ అప్పగించారు. అంటే, భోజనాల వాసన వచ్చాక మైకు ముందు నిలబడే గౌరవమన్నమాట!

"యువకిశోరం, నాకు తమ్ముడితో సమానుడైన చలపతికి..." అని ఆయన మొదలుపెట్టేసరికి అధినేత ఫ్లైట్ టైమైందని లేచారు. కారు దాకా సాగనంపడానికి చలపతి, సత్యనారాయణమూర్తి పరుగెత్తారు. జనం బిర్యానీ వైపు పరుగెత్తారు. మైకు కూడా ఆగిపోయింది. ఆయన మాత్రం చివరిదాకా ధన్యవాదాలు చెప్పారు. విన్నది కాత్యాయని ఒక్కతే.

ఆయన అటూ ఇటూ చూశారు. చటుక్కున వెళ్లి సింహాల కుర్చీలో కూర్చున్నారు.

"తియ్యవే, తొందరగా!"

"మీకు కావలసింది పక్క కుర్చీ కదండీ?"

"పక్కదెవడిక్కావాలి!"

కాత్యాయని ఫోన్ ఎత్తింది. సరిగ్గా అప్పుడే పక్క తలుపు తోసుకుని చలపతి లోపలికొచ్చాడు. ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో సెల్ఫీ స్టిక్. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అంకుల్, జర జల్ది కానియ్యుండ్రి," అన్నాడు చలపతి, గొంతు తగ్గించి. "డెకరేషన్ వాళ్లొచ్చి కుర్చీ పట్కపోతరు."

ద్వారకానాథ్ గారు కాలు మీద కాలు వేసుకున్నారు.

"లైన్లో నిలబడు నాయనా," అన్నారు.

చలపతి నిలబడ్డాడు. వాడి వెనకే వచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ సత్యనారాయణమూర్తి కూడా నిలబడ్డాడు.