ఇరవై ఒక్క కిలోమీటర్ల మొక్కు

మొక్కుకునే మనిషి కుర్చీలో కూర్చుని ఉండాలి, కడుపులో ఇంత వేడి సూపు పడి ఉండాలి. ఆస్పత్రి వరండాలో నిలబడి మాత్రం మొక్కుకోకూడదు. ఈ సంగతి నాకు మొక్కుకున్నాక తెలిసింది.

మార్చిలో మా ఆవిడ ఎదెల్మీరాకి ఊపిరితిత్తిలో గడ్డ ఉందని ఆపరేషనుకి తీసుకెళ్లారు. బయట నేనొక్కడినే. ఎదురుగా గోడ మీద పోస్టరు: పుంతా అరేనాస్ చలికాలపు హాఫ్ మారథాన్, జూలై, జలసంధి ఒడ్డున. లోకానికి దక్షిణపు కొసన ఉన్న మా ఊళ్లో జూలై అంటే నడి చలికాలం. భయంతో చూపు ఆ పోస్టరుకి అతుక్కుపోయింది. నోరు దానంతట అదే అనేసింది: "నజరేయ స్వామీ, మా ఆవిడని ఆ బల్ల మీద నుంచి ప్రాణాలతో దించు. ఆ ఇరవై ఒక్క కిలోమీటర్లూ పరుగెత్తుతాను."

పక్కనే రక్తదానం పోస్టరు కూడా ఉంది. ఒక్క అడుగు అటు నిలబడి ఉంటే ఒక సీసా రక్తంతో పోయేది.

పని కోసం ఈ ఊరొచ్చిన మా చిలోయే దీవులవాళ్లకి, సిలువ మోసే ఆ నజరేయుడి సంగతి కొత్త కాదు. అడిగింది ఇస్తాడు, మొక్కు ఎగ్గొడితే వదలడు. మా మేనమామ కొవ్వొత్తులు మొక్కి ఎగ్గొట్టాడు, ఆ ఏడే పడవ మునిగింది. తాగి నడిపాడని పోలీసులు రాసుకున్నారు. కొవ్వొత్తుల వల్లేనని మా అత్త ఇప్పటికీ అంటుంది.

ఎదెల్మీరా బల్ల దిగింది. జూలై కూడా వచ్చింది. నేను బస్సుల మెకానిక్కుని. బస్సు కోసమైనా ఎన్నడూ పరుగెత్తిన మనిషిని కాను. పైగా ఆవిడ కొత్త స్కానింగు సంగతి మంగళవారం చెప్తామన్నారు, పరుగు దానికి ముందు ఆదివారం. ఇంట్లో మేం మంగళవారం అనే మాటే ఎత్తడం లేదు.

నాకో ఉపాయం తోచింది. మా అబ్బాయికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి, అలా నాకు కొంపాద్రే అయిన ఒనోఫ్రె ఇల్లు ఆ దారిలోనే ఉంది. చలికాలమంతా పొయ్యి వదలడు కాబట్టి అందరూ అతన్ని పొయ్యి ఒనోఫ్రె అంటారు. అక్కడిదాకా పరుగెత్తి లోపలికి దూరతాను, జనం వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కలుస్తాను. తప్పేముంది? సిలువ మోసేటప్పుడు క్రీస్తు ప్రభువుకే సీమోను సాయం పట్టాడు. నాకు ఒనోఫ్రె పట్టకూడదా?

ఆదివారం పొద్దున ఎదెల్మీరా నా మెడకి ఉన్ని మఫ్లరు చుట్టింది.

"ఎప్పటికి వస్తావు?"

"మధ్యాహ్నానికి."

"ఏ రోజు మధ్యాహ్నానికి?"

ఆ గాలి సంగతి ఏం చెప్పమంటారు! వీధి మూలల్లో జనం పట్టుకోడానికి కట్టిన తాళ్లు ఈలలు వేస్తున్నాయి. నా టోపీ జలసంధి దాటి అవతలి దీవికి వెళ్లిపోయింది. కనుబొమలు గడ్డకట్టాయి. నేను ముందుకి పరుగెత్తుతున్నానో, ఉన్నచోటే ఊగుతున్నానో తెలియలేదు. మొత్తానికి ఒనోఫ్రె తలుపు తోసుకుని లోపల పడ్డాను.

వేడి. బంగాళదుంప రొట్టెల కమ్మని వాసన. పొయ్యి పక్క కుర్చీలో గొట్టంతో మాతే తేనీరు పీలుస్తూ ఎదెల్మీరా.

"తలుపు వెయ్యి ముసలోడా, గాలి కొడుతోంది."

"నువ్వెప్పుడొచ్చావు?"

"నీకన్నా ముందే. సగం ఊపిరితిత్తి లేనిదాన్ని, అయినా నేనే గెలిచా."

నేను ఒనోఫ్రె వంక చూశాను. "ఒట్టు కొంపాద్రే, నేను నోరు విప్పలేదు" అన్నాడు అతను.

"విప్పలేదు" అంది ఎదెల్మీరా. "నిన్న చర్చిలో నా మొహం చూడలేక పూజంతా పైకప్పు వంకే చూశాడు. ఇవాళ వచ్చి చూస్తే పొయ్యి దగ్గర రెండో కుర్చీ వేసి ఉంది. ఈయన ఎప్పుడైనా ఇంకొకరికి కుర్చీ వేశాడా?"

ఆవిడ లేచి నా ఛాతీ మీది పందెం నంబరు కాగితం పీకి తన కోటుకి తగిలించుకుంది. "నా ప్రాణానికేగా మొక్కావు. నువ్వు కూర్చో, నేను తీరుస్తా." అని తలుపు తీసి, కంచె పట్టుకుని, రోడ్డెక్కింది.

ఆ రోజు నేను నిజంగా పరుగెత్తింది అప్పుడే.

"లోపలికి పదవే! చలికి చచ్చిపోతావు!"

"అయితే నువ్వు పరుగెత్తు."

ఒనోఫ్రె పికప్ తీశాడు. ఆవిడ అందులో కూర్చుని, అద్దం కాస్త దించి, జపమాల తిప్పుతూ నా వెనకే వచ్చింది. "కొంపాద్రే, రొట్టెలు ఇంకా వేడిగానే ఉన్నాయి" అని ఒనోఫ్రె నన్ను ఓదార్చాడు.

మలుపు దగ్గర ఫైరింజను మనిషి చేతులు అడ్డం పెట్టాడు. "పెద్దాయనా, గాలి మితిమీరింది, పరుగు ఆపేశారు. అందరికీ పతకం ఇచ్చేస్తున్నాం." అంటూ నా మెడలో ఒకటి వేశాడు.

నేను మంచులో మోకరిల్లాను. "చూశావా! స్వామే రద్దు చేశాడు!"

"నువ్వు మొక్కింది మునిసిపాలిటీకా?" అంది ఆవిడ కిటికీలోంచి.

మళ్లీ లేచాను. పతకం గాలికి ఎగిరి పళ్లకి కొట్టుకుంటూనే ఉంది. పడ్డాను, నడిచాను, పాకానేమో కూడా. చేరేసరికి చీకటి పడుతోంది. ముగింపు తోరణం విప్పి పట్టుకుపోయారు. అక్కడ ఒక కుక్క ఉంది, అది కూడా వెళ్లిపోయింది.

ఎదెల్మీరా బండి దిగి దగ్గింది. ఆ దగ్గు కొన్నాళ్లుగా వింటున్నదే. జలుబని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

"అయిపోయింది. ఇక మంగళవారం డాక్టరు ఏం చెప్పినా భయం లేదు" అన్నాను.

"డాక్టరు శుక్రవారమే ఫోన్ చేశాడు."

ఆవిడ నా మెడలో మఫ్లరు బిగించి కట్టింది.

"గడ్డ మళ్లీ వచ్చిందట. ఈసారి రెండో వైపు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "మరి నన్నెందుకు పరుగెత్తించావు? ఆయన మాట తప్పితే నేనెందుకు నిలబెట్టుకోవాలి?"

"ఆయన తప్పలేదు. బల్ల మీద నుంచి ప్రాణాలతో దించమన్నావు, దించాడు. ఆ తర్వాతి సంగతి నువ్వెక్కడ అడిగావు? గొర్రెపిల్లని తెచ్చుకునేటప్పుడు పళ్లు, కాళ్లు, దాని తల్లి దగ్గు కూడా అడుగుతావు. పెళ్లాం దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెట్టావు."

దేవుడు మన మాటల్ని అంత కచ్చితంగా పట్టుకుంటాడా? పట్టుకోడనే నా నమ్మకం. అయినా వెంటనే మళ్లీ మోకరిల్లి "స్వామీ..." అన్నానో లేదో, ఆవిడ చేతి తొడుగు నా నోటి మీద పడింది.

"నువ్వు నోరు తెరవకు. ఈసారి నేను అడుగుతా."

నా భుజం పట్టుకుని, జలసంధి వైపు తిరిగి, నిదానంగా అడిగింది. నొప్పి లేని ఊపిరి అడిగింది. మా చిలోయే దీవికి వెళ్లి తన కాళ్ల మీద నజరేయుడి ఊరేగింపు వెంట నడవడం అడిగింది. అవి కుదరకపోతే నాకు సూపు చేసుకునే తెలివి ఇమ్మంది. ఒక్కొక్కటీ విడివిడిగా, ఎటూ తప్పించుకునే సందు లేకుండా అడిగింది.

"బదులుగా ఈయన నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తుతాడు."

"ఎదెల్మీరా!"

"ఆమేన్ అను."

అన్నాను.